మోకు

మా పరవాడ ప్రాంతమున తాడిచెట్లు విస్తారము. నా బాల్యమున ఇంకను విస్తారముగ నుండెడివి. వేసవి తెల్లవారుజామున గీతగాండ్రు కుండలు తగిలించుకొని, మొలను కత్తి చెక్కుకొని, భుజముమీద మోకు వైచుకొని పొలముగట్ల వెంబడి పోవుచుండగా, ముంజెకాయల యాశచే మేము పిల్లలము వారి వెంటబడుచుండెడివారము. వారిలో ఒక వృద్ధుడు నాకు మిగుల జ్ఞాపకము. నలువదియేండ్లు చెట్లెక్కినవాడు. అరచేతులు తాటిమట్టలవలె గట్టిపడియుండెడివి. ఒకనాడు అతడు రెండు నిలువుల యెత్తైన లేని యొక పొట్టిచెట్టు నెక్కబోవుచు, మోకును చెట్టుచుట్టును తన నడుముచుట్టును త్రిప్పి బిగించుకొనుచుండెను. ఇంత పొట్టిచెట్టునకు గూడ మోకెందులకని నేను నవ్వితిని. అతడు చేతిపని యాపకయే, “సెట్టు పొట్టిదే బాబూ, నేల మెత్తందా యేటి?” అని చెట్టెక్కెను.

ఆ మాటయొక్క యర్థము నాకు అరువదియేండ్లు దాటినపిదప గాని బోధపడలేదు. దానికై చెల్లింపబడిన మూల్యమైనను నేను చెల్లించినది కాదు. నాలుగేండ్ల నా మనుమరాలు చెల్లించినది. ఈ కథ చెప్పుకొనుటకు నాకు సిగ్గుగనే యున్నది. కాని దాచుకొన్న తప్పు ఒక్కనికే పాఠము. చెప్పుకొన్న తప్పు పదిమందికి పాఠము కావచ్చును. ఆ యాశతో వ్రాయుచున్నాను.

మా గ్రామము ఇదివరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిలు నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మారినను మా బ్రదుకుతెరువు విశాఖతోడనే ముడిపడియున్నది. ఒకవంక సింహాద్రి విద్యుత్కేంద్రము, ఒకవంక ఫార్మాసిటీ, ఆవల ఉక్కు కర్మాగారము, దానికావల గంగవరము రేవు. వీనినన్నిటిని కలుపునది రహదారి. ఒకప్పుడు ఎడ్లబండ్లు నిద్రపోవుచు నడచిన దారులలో నేడు బొగ్గులారీలు, బూడిదలారీలు, రసాయనముల ట్యాంకర్లు, కార్మికుల బస్సులు, ఆటోలు, మోటారుసైకిళ్లు ఒకదానినొకటి త్రోసికొని పోవుచున్నవి. మా యూరినుండి లంకెలపాలెము కూడలికి వచ్చినచో పదునాఱవ నంబరు జాతీయరహదారి తగులును. ఎడమకు తిరిగిన అనకాపల్లి, కుడికి తిరిగిన గాజువాక. ఆ కూడలి నెఱుగని గృహస్థు మా ప్రాంతమున లేడు.

మా యల్లుడు ఫార్మాసిటీలో నొక కంపెనీలో ఉద్యోగి. అతడు కారు కొన్న దినము మా యింట పండుగయే. అందఱమును కలిసి విశాఖలో ఆసీలుమెట్ట సంపత్ వినాయకుని గుడికి పోయితిమి. క్రొత్త బండ్లకు పూజ చేయించుటకు ఆ గుడి ప్రసిద్ధము. మాకంటె ముందు నాలుగు కార్లు, ఏడెనిమిది మోటారుసైకిళ్లు వరుసలో నిలిచియున్నవి. పసుపు, కుంకుమ, పూలదండ, కొబ్బరికాయ. నాలుగు చక్రములక్రింద నాలుగు నిమ్మకాయలు. బండి కదలి నిమ్మకాయలు చితికినప్పుడు, మా యింటి కీడంతయు ఆ నిమ్మకాయలతోడనే చితికిపోయినట్లు అందఱమును నిట్టూర్చితిమి. దేవునికి మ్రొక్కుటను నేను తప్పుపట్టుట లేదు. నేనును మ్రొక్కితిని. కాని చదువరులారా, ఆ దినమున ఇంటికి వచ్చునప్పుడు ఆ క్రొత్తకారులో అయిదుగురము కూర్చుంటిమి. సీటుబెల్టు పెట్టుకొన్నవాడు మా యల్లుడొక్కడే. వెనుకసీటు బెల్టులు ఎక్కడనున్నవో గూడ మేము వెదకి చూడలేదు. అవి సీటు సందులలోనికి దిగిపోయి, వానిపై క్రొత్త ముసుగుగుడ్డ పఱచబడియుండెను. నిమ్మకాయలకు వెదకిన శ్రద్ధలో నాలుగవవంతు వానికై వెదకినను చాలియుండెడిది.

ఈ విషయమున మన యిండ్లలో నడచుచున్న యాచారమును కొంచెము పరిశీలింతము. కారు నడుపువాడు బెల్టు పెట్టుకొనును. అదియు కూడలిలో పోలీసులు నిలుతురను భయముచేత. కూడలి దాటినపిదప కొందఱు దానిని విప్పివేయుదురు. ముందుసీటున కూర్చుండు పెద్దమనిషికి బెల్టు పెట్టుకొమ్మని చెప్పుట అమర్యాదయని పిన్నల సంకోచము. తనకు చెప్పినచో పెద్దవానికి చిన్నతనము. వెనుక కూర్చున్న స్త్రీలకు పట్టుచీర నలుగునని భయము. అన్నిటికంటె వింతయైనది మఱియొకటి కలదు. బెల్టు పెట్టుకొనుట యనగా బండి నడుపువాని నేర్పును శంకించుటయని యొక భావము. “నామీద నమ్మకం లేదా?” అని నడుపువాడు నొచ్చుకొనును. ఆతని మనస్సు నొప్పింపరాదని ప్రక్కవాడు తన ప్రాణమును పణముగ నొడ్డును. ఎదురుగ వచ్చు లారీవాని నేర్పునకు గూడ ఈ నడుపువాడే పూచీపడగలడా యని ఎవరును అడుగరు.

ఇక బెల్టు పెట్టుకొననిచో మ్రోగు గంట యొకటి క్రొత్త కార్లలో నమర్చబడినది. ప్రాణము కాపాడుటకై చేసిన యా మ్రోతను మాన్పుటకు మనవారు కనిపెట్టిన యుపాయములు చూచినచో, ఆ తెలివిలో కొంత మంచిపనికి వినియోగింపబడిన దేశమెంత బాగుపడునో యనిపించును. బెల్టును వీపువెనుకగా త్రిప్పి బిగించుట యొకటి. బెల్టు లేకయే కొక్కెములో గ్రుచ్చుటకు ఒక యినుపబిళ్ల కొనుట యింకొకటి. ఆ బిళ్లల విక్రయమెంత ప్రబలినదనగా, 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణాధికార సంస్థ కలుగజేసికొని, అయిదు అంతర్జాల విక్రయ సంస్థలచే 13,118 ప్రకటనలను తొలగింపించవలసి వచ్చినది. అవి ఇతరులకు చెప్పుచున్న నీతులు కావు. వీపువెనుక బిగించుకొనువారిలో నేను ప్రథముడను.

మూడేండ్ల క్రిందటి మాఘమాసమున అనకాపల్లిలో బంధువులయింట పెండ్లికి బయలుదేరితిమి. మా యల్లుడు నడుపుచుండెను. నేను ముందు, మా యింటియామెయు అమ్మాయియు వెనుక. మనుమరాలు ముందు కూర్చుందునని మారాము చేసెను. నేను దానిని ఒడిలోనికి తీసికొంటిని. మా యల్లుడు మెల్లగ, “మావయ్యగారూ, మీరు బెల్టు పెట్టుకోండి. పాపని వెనక కూర్చోబెడదాం” అనెను. “పక్క ఊరికి ఇంత హడావుడి ఎందుకు బాబూ? నా ఒళ్లో ఉండగా దానికేం భయం?” అని నేను బెల్టును వీపువెనుకగా త్రిప్పి కొక్కెములో బిగించి గంటమ్రోతను మాన్పితిని. అతడు మఱల అడుగలేదు. పెద్దవానికి రెండవమాఱు చెప్పుట మర్యాద కాదని మేమే గదా నేర్పితిమి! వెనుకనుండి మా యింటియామె, “పోలీసులకి మీ అల్లుడు భయపడతాడు గానీ మీరు భయపడరు” అని నవ్వెను. నేనును నవ్వితిని.

లంకెలపాలెము దాటి రహదారిపై కొంతదూరము పోయితిమి. వేగము ఏబదికి మించియుండదు. ముందు పోవుచున్న లారీ యే సంజ్ఞయు లేకుండ ప్రక్కకు తిరుగబోయి నిలిచిపోయెను. మా యల్లుడు బ్రేకు త్రొక్కెను. చాలవఱకు వేగము తగ్గినది గాని పూర్తిగ తగ్గలేదు. కారు లారీవెనుకభాగమును తాకెను. బయటనుండి చూచువారికి అది ప్రమాదమని పేరుపెట్టదగినంతది గూడ కాదు. ముందరి దీపమొకటి పగిలినది, రేకు కొంచెము వంగినది. గాలిసంచులు గూడ విచ్చుకొనలేదు.

లోపల జరిగినది వేఱు. నా రెండు చేతులును పాపచుట్టు కట్టియుంటిని. ఆ చేతులనుండి అది ఎట్లు జాఱినదో నే నెఱుగను. పట్టు విడిచిన జ్ఞాపకమే నాకు లేదు. చేతులలో నున్నది, తరువాత లేదు. అంతియే. నుదురు ముందరి పలకకు తగిలి చీలినది. ముందుపళ్లు రెండు ఊడిపోయినవి. నా మోకాళ్లు చితికినవి. వెనుకనున్న మా యింటియామె ముందుసీటు వీపునకు కొట్టుకొని ఆమె మెడయెముక విఱిగినది. అమ్మాయికి పెదవి పగిలినది. ఒక్క మా యల్లునికి మాత్రము, ఎవ్వరిని మేము పోలీసులకు భయపడువాడని నవ్వితిమో వానికి, ఛాతీమీద బెల్టు ఒత్తిన యెఱ్ఱని చాఱ తప్ప గాయమే లేదు. పాపను ఎత్తుకొని పరుగెత్తుటకును, అత్తగారిని దింపుటకును, ఆటో పిలుచుటకును ఆ నలుగురిలో శక్తి మిగిలినవాడు అతడొక్కడే.

ఆసుపత్రిలో నొక పడుచు వైద్యురాలు పాప నుదుట కుట్లు వేసెను. ఏడు కుట్లు. వేయుచు, “పాప ఎక్కడ కూర్చుందండీ?” అని యడిగెను. “నా ఒళ్లో” అంటిని. ఆమె యేమియు ననలేదు. కొంతసేపటికి, “మీరేం చేసేవారు?” అనెను. “హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేవాణ్ని.” ఆమె తలయెత్తి ఒక్కమాఱు నావంక చూచి మఱల కుట్టుపనిలో పడెను. ఆమె నన్ను తిట్టియుండినచో నాకు సుఖముగ నుండెడిది.

నేను ముప్పదిరెండేండ్లు భౌతికశాస్త్రము బోధించితిని. గ్లాసుమీద అట్టముక్క, అట్టముక్కమీద రూపాయబిళ్ల పెట్టి, అట్టను చిటుక్కున లాగినచో బిళ్ల గ్లాసులో పడుట ఎన్ని వందలమంది పిల్లలకు చూపియుంటినో! “బస్సు నిలిచినప్పుడు మనము ముందుకు తూలుట యేల?” అను ప్రశ్నను ఏటేట పరీక్షలలో నిచ్చితిని. బండి నిలుచును గాని అందలి మనిషి నిలువడు. తన పాతవేగముతోడనే పోవుచుండును. ఏదో యొకటి ఆపుదాక పోవుచుండును. ఇదియే జడత్వము. ఈ సమాధానమునకు మార్కులు వేసినవాడను నేనే. సమాధానమును నా యొడిలో కూర్చుండబెట్టుకొని మఱచినవాడను నేనే.

ఇంటికి వచ్చినపిదప ఒకరాత్రి కాగితము తీసికొని లెక్క వేసితిని. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 16.7 మీటర్లు. ఎంత యెత్తునుండి పడిన వస్తువు నేలను తాకునప్పుడు ఆ వేగము పొందును? 14 మీటర్లు, ఇంచుమించు 46 అడుగులు. అనగా ఏపుగ నెదిగిన తాడిచెట్టు తలనుండి పడుట. గంటకు 40 కిలోమీటర్లైనచో 6 మీటర్లు, రెండంతస్తుల మేడ. 80 అయినచో 25 మీటర్లు. వేగము రెట్టింపైనచో ఎత్తు నాలుగురెట్లగును. కారులో మెత్తని సీటుమీద కూర్చుండి, పాటలు వినుచు, చల్లనిగాలి అనుభవించుచు పోవుచున్నామని మన మనుకొందుము. నిజమునకు తాడిచెట్టు తలపై కూర్చుండి పోవుచున్నాము. గీతగాడు మోకు లేక ఆ చెట్టెక్కడు. మనము ఎక్కుచున్నాము, పసిబిడ్డలను గూడ ఎక్కించుచున్నాము.

ఒడిలోని బిడ్డ సంగతియు లెక్కించితిని. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనినైన గ్రుద్దుకొని సెకనులో పదునాఱవవంతు కాలమున నిలిచిపోయిన దనుకొందము. పదికిలోల బిడ్డను అప్పుడు పట్టి నిలుపుటకు రెండువందల కిలోలకు పైబడిన బరువును మోయగల చేతులు కావలెను. నిండు ధాన్యపుబస్తాలు ఒక్కసారిగ మీదపడినట్లు. ఏ తల్లిచేతులకు గాని, ఏ తాతచేతులకు గాని ఆ బలము లేదు. ప్రేమకు లోపము లేదు, బలమునకే లోపము. మా పాప కుట్లు విప్పిన దినమున నన్నడిగెను: “తాతా, నన్నెందుకు వదిలేశావు?” నేను వదలలేదమ్మా యని యెన్ని విధముల చెప్పినను దానికెట్లు తెలియును? నేను వదలలేదు, నా చేతులు చాలలేదు. చాలవని తెలిసియుండవలసిన వాడనై యుండియు తెలిసికొనకపోతిని. ఆ ప్రశ్నకు నాయొద్ద నేటికిని ఇంతకంటె సమాధానము లేదు.

మోటారువాహనములచే మరణించినవారిలో మొదటివారుగ చరిత్రకెక్కినది మేరీ వార్డు అను ఐర్లండుదేశపు విదుషీమణి. సూక్ష్మదర్శినితో ప్రకృతిని పరిశీలించి గ్రంథములు వ్రాసినది. 1869 ఆగస్టు 31వ తేదీన ఆవిరిబండిలో పోవుచు మలుపుకడ బయటకు విసరివేయబడి చక్రము క్రిందపడి మరణించెను. నూటయేబదియేండ్లు గడచినను మనుష్యుడు బండినుండి విసరివేయబడుట మానలేదు. మందు మాత్రము దొరకినది. 1959లో స్వీడనుదేశమున వోల్వో కంపెనీయందు నీల్స్ బోలిన్ అను ఇంజనీరు నేడు మన మెఱిగిన మూడుకొసల బెల్టును కల్పించెను. అంతకుముందతడు విమానములలో నడుపువానిని ఆపత్కాలమున బయటకు విసరు ఆసనములను నిర్మించినవాడు. మనుష్యుని విసరు విద్య నేర్చినవాడే పట్టియుంచు విద్యను గూడ లోకమున కిచ్చెను. ఆ కంపెనీ తన హక్కును తానే దాచుకొనక ఇతర నిర్మాతలందఱు వాడుకొనునట్లు విడిచిపెట్టెను. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము బెల్టు ధరించుటను శాసనము చేసి లోకమునకు దారి చూపెను.

ఆ బెల్టు చేయు పని మిక్కిలి సులభమైనది. కారుముందుభాగము నలుగుచు క్రమముగ ఆగుచుండగా మనలను గూడ దానితోపాటు ఆపును. ఆ యాపుదెబ్బను మెత్తని కడుపుమీదను ముఖముమీదను పడనీయక, గట్టియెముకలున్న తుంటిమీదను ఛాతీమీదను భుజముమీదను పంచును. మెల్లగ లాగిన సాగును. చురుక్కున లాగిన బిగియును. నమ్మనివారు నిలిచియున్న కారులో చేతితో లాగి చూడవచ్చును. బెల్టు ధరించుటవలన కారులోనివారికి మరణభయము సగమువఱకు తగ్గునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

మన దేశమున శాసనము లేక కాదు. 1989నాటి కేంద్ర మోటారువాహన నియమములలో 138వ నియమము ముందుసీట్లవారికే గాక, వెనుకసీట్లలో ముందునకు మొగమై కూర్చుండువారికిని బెల్టు విధించినది. 2019లో సవరింపబడిన చట్టమున 194బి సెక్షను ప్రకారము బెల్టు లేక నడిపినను, లేనివారిని ఎక్కించుకొనినను వేయిరూపాయల జుల్మానా. పదునాలుగేండ్లలోపు పిల్లలను బెల్టుతోగాని పిల్లల యాసనముతోగాని కట్టి కూర్చుండబెట్టకున్నను వేయిరూపాయలే. అయినను ఫలమేమి? కేంద్ర రహదారిశాఖ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున రహదారులపై మరణించినవారు 1,68,491 మంది. అందు బెల్టు ధరింపనివారు 16,715. వీరిలో నడుపువారు 8,384; ప్రయాణికులు 8,331. ఈ రెండు సంఖ్యలను చూడుడు. నడుపువానికి మాత్రమే బెల్టు అనుకొను మన యాచారమునకు ఆ రెండవ సంఖ్యయే ప్రత్యుత్తరము.

ధనమును, పదవియు, విలువగల కారును ఈ విషయమున కొఱగావు. 2014 ఏప్రిలులో శోభా నాగిరెడ్డిగారు ఎన్నికల ప్రచారము ముగించుకొని ఆళ్లగడ్డకు తిరిగివచ్చుచు, వాహనము బోల్తాపడి బయటకు విసరివేయబడి, మఱునాడు మరణించిరి. 2018 ఆగస్టు 29వ తేదీన నందమూరి హరికృష్ణగారు స్వయముగ కారు నడుపుచు నల్లగొండకడ ప్రమాదములో బయటకు పడి మృతినొందిరి. ఇరువురును బెల్టు ధరించియుండలేదని నాటి పత్రికలు వ్రాసినవి. 2022 సెప్టెంబరు 4వ తేదీన మహారాష్ట్రలో పాల్ఘర్ జిల్లాయందు సైరస్ మిస్త్రీగారు ప్రయాణించుచున్న కారు వంతెనగోడను గ్రుద్దుకొనెను. ముందుసీట్లలోని యిరువురు తీవ్రముగ గాయపడియు బ్రదికిరి. వెనుకసీట్లలో బెల్టు లేక కూర్చున్న యిరువురు, మిస్త్రీగారును మఱియొకరును, మరణించిరి. గతించినవారి నెన్నుట నా యుద్దేశము కాదు. అట్టి తప్పే చేసిన నేను బ్రదికి వ్రాయుచున్నాను. భేద మంతయు ఆనాటి మా వేగములోనే గాని నా వివేకములో లేదు.

ఇక మన యిండ్లలో వినవచ్చు ఆక్షేపణలు. “ఆయువున్న బ్రదుకుదుము, లేనిచో పోదుము” అందురు. ఆయుర్దాయము నమ్మువాడు వీధితలుపు గడియ వేయుట యేల? అన్నములో రాళ్లు ఏఱుట యేల? విధిని బెల్టు విషయమున మాత్రమే జ్ఞాపకము చేసికొనుట విధిపై భక్తి కాదు, బద్ధకమునకు పెట్టిన ముద్దుపేరు. “కారు తగులబడినను, నీట పడినను బెల్టులో చిక్కుకొందుము గదా” యని మఱికొందఱందురు. మొత్తము ప్రమాదములలో అట్టివి మిగుల స్వల్పము. అట్టి సమయమున గూడ తల పగిలి స్మృతి తప్పినవాడు బయటపడలేడు. బెల్టుచే స్మృతితో మిగిలినవాడు మీట నొక్కి బయటపడగలడు. “గాలిసంచి యున్నది గదా” యను వారును కలరు. గాలిసంచి బెల్టునకు తోడే గాని బదులు కాదు. కన్నుమూసి తెఱచునంతలో అది బలముగ విచ్చుకొనును. బెల్టు లేక ముందుకు తూలివచ్చు ముఖమునకు అదియే దెబ్బ యగును. ఆనాడు మా కారులో అది విచ్చుకొనియుండినచో, దానికిని నాకును నడుమ నా మనుమరాలుండెను. ఆ తలంపు వచ్చిన రాత్రులలో నాకు నిద్ర లేదు.

వెనుకసీటువారి కింకొక మాట. బెల్టు లేని వెనుకమనిషి తన ప్రాణమునకే గాక ముందువాని ప్రాణమునకును ముప్పు. అఱువదికిలోల శరీరము వీపునుండి వచ్చి పడినచో ముందువాని బెల్టు గూడ వానిని కాపాడజాలదు. కనుక ఇది ఎవరికివారి యిష్టమునకు విడిచిపెట్టదగిన విషయము కాదు.

స్త్రీలకు ముఖ్యముగ చెప్పవలసినది. పట్టుచీర నలిగిన ఇస్త్రీ చేయవచ్చును. గర్భిణులు బెల్టు పెట్టుకొనరాదను మాట పొరపాటు. వారును తప్పక పెట్టుకొనవలెను. క్రిందిపట్టీ కడుపుమీద గాక, కడుపుక్రింద తొడలమొదట తుంటియెముకలపై ఆనియుండవలెను. పైపట్టీ కడుపుప్రక్కగ వచ్చి, రొమ్ముల నడుమనుండి భుజముపైకి పోవలెను. తక్కినవారికిని ఇదియే పద్ధతి. పైపట్టీ మెడను ఒరయరాదు, చంకక్రిందుగ దూర్చుకొనరాదు. పట్టీ మెలిపడరాదు, వదులుగ నుండరాదు. పెద్దవారికై చేసిన పట్టీ చిన్నపిల్లల మెడకు తగులును గనుక వారికి వయస్సునకును ఎత్తునకును తగిన ప్రత్యేకపు ఆసనము కొని, వెనుకసీటున బిగించి, అందు కూర్చుండబెట్టవలెను. ఒకే బెల్టును మనచుట్టును బిడ్డచుట్టును కలిపి బిగించుకొనుట మిగుల ప్రమాదము. మన బరువే బిడ్డను నలిపివేయును. ఆ యాసనము వెల ఎక్కువయని నేనును మొదట అనుకొంటిని. మా పాప నామకరణమునకు వేసిన షామియానా వెలతో పోల్చి చూచి ఊరకుంటిని.

మఱియొక విషయము నా మనస్సును చాలకాలముగ తొలచుచున్నది. మా యల్లుడు పనిచేయు ప్రాంతమున కర్మాగారముల ద్వారముకడ తలకు టోపి, కాళ్లకు రక్షణబూట్లు లేనిదే లోపలికి పోనీయరు. ఎత్తున పనిచేయువాడు నడుమునకును భుజములకును పట్టీ కట్టుకొని, దాని కొక్కెమును గట్టి కమ్మికి తగిలించిన పిదపనే పని మొదలిడును. ఎనిమిదిగంటలు అట్లు జాగ్రత్తపడినవాడే ద్వారము దాటగనే టోపితో పాటు జాగ్రత్తను గూడ అలమారలో పెట్టి తాళము వేయుచున్నాడు. ద్వారమున కీవలి నేల మెత్తబడినదా? లోపల అధికారి చూచుచుండును, బయట చూడడు, అదియే కారణము. ఎవరో చూచుచున్నప్పుడు మాత్రమే ఉండు బుద్ధి భయము. ఎవరును చూడనప్పుడును ఉండు బుద్ధి శిక్షణ. ఆ శిక్షణ పోలీసువాడు కూడలిలో ఈయలేడు, ఇల్లే ఈయవలెను.

మా యింట ఇప్పు డొక నియమము కలదు. అందఱి బెల్టులును బిగియు చప్పుడు వినబడినదాక బండి కదలదు. వీధిచివరి కొట్టునకైనను సరే, రాత్రియైనను సరే, ఎంతటి చుట్టమైనను సరే. చెప్పుట పిన్నలపని, వినుట పెద్దలపని యని నేనే యేర్పఱచితిని. మొదటిమాఱు మా యల్లుడు నాకు చెప్పుటకు నోరాడక నావంక చూచుచు నిలిచెను. “చెప్పు బాబూ, నువ్వు చెప్పనందుకే ఆనాడు అంత జరిగింది” అంటిని. అది నిజము కాదు. అతడు చెప్పెను, నేనే విననైతిని. కాని అతని సంకోచము తీఱుటకు ఆ మాత్రపు అసత్యము పనికివచ్చినది. వెనుకసీటుపై ముసుగుగుడ్డ తీసివేసితిమి. మా యింటియామె మెడయెముక అతుకుకొనినది గాని చలికాలమున ఇప్పటికిని సలుపును.

చుట్టములలో కొందఱు నవ్విరి. “ఒకసారి దెబ్బతిని మాస్టారు బెదిరిపోయారు” అనిరి. బెదరితిని. బెదరుట అవమానమని నేను తలపను. చెట్టెక్కువానికి నేలయందు భయముండుట అతని పనిలో భాగమే.

పాపకు ఇప్పు డేడేండ్లు. నుదుట మచ్చ జుట్టుక్రింద కొంచెము కనబడును. పళ్లు క్రొత్తవి వచ్చినవి. ముంజెల వృద్ధుని కథ నేనే దానికి చెప్పితిని. అందుచే అది బెల్టును బెల్టనదు. తన యాసనమున కూర్చుండి, తన పట్టీ తానే బిగించుకొని, ముందుకు తొంగిచూచి, “తాతా, మోకు కట్టుకున్నావా?” అని యడుగును. నేను చప్పుడు వినబడునట్లు బిగించి, కట్టుకొంటినని చెప్పుదును. అది ఒకమాఱు లాగి చూపుమనును. లాగి చూపుదును. అప్పుడు మా యల్లుడు బండి కదలించును.